నీళ్ల లారీ సిపాయి

పోయిన నెల ఆస్ట్రేలియా నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. రాసినావిడ ఎవరో నాకు తెలియదు. "మా అన్నయ్య నిద్రలోనే పోయాడు. వాడి నోటుపుస్తకంలో మీ చిరునామా ఉంది కాబట్టి చెబుతున్నాను" అని రెండు ముక్కలు. కింద ఆ అన్నయ్య పేరు. ఆ పేరు రెండుసార్లు చదివినా ఎవరో తట్టలేదు. పేరు కిందే దుబాయ్, జెబెల్ అలీ అన్న మాట కనిపించాక గానీ మనిషి కళ్లముందుకు రాలేదు.

రెండేళ్లు పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి పేరు మరిచిపోవడం సిగ్గుపడాల్సిన విషయమే. కానీ ఆ పేరుతో ఆయన్ని మేమెవరం ఏనాడూ పిలవలేదు. సైటులో ఆయన మైట్ సాబ్.

ఆస్ట్రేలియావాళ్లు ఎదుటివాణ్ణి 'మేట్' అంటారు. మనం 'ఏమోయ్' అన్నట్టు, కొంచెం 'నాయనా' కూడా కలిసినట్టు. అది ఆయన నోట్లో 'మైట్' అయ్యేది. కూలీని మైట్ అనేవాడు, లారీ డ్రైవర్ని మైట్ అనేవాడు, చీరలో ఆఫీసుకి వెళ్లే నన్నూ మైట్ అనేవాడు. కంపెనీలో అందరూ లేచి నిలబడి మాట్లాడే పెద్ద మేనేజరుని, అక్కడి మాటలో పెద్ద ముదీర్‌ని సైతం కుర్చీలోంచి కదలకుండా మైట్ అనేవాడు. ఇంగ్లీషులో మీరూ నువ్వూ ఒకటే అంటారు గానీ, ఆయన ఇంగ్లీషులో ఉన్నవన్నీ నువ్వులే. మొదటి రోజు నేను "గుడ్ మార్నింగ్ సర్" అంటే వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూశాడు.

నేను కాకినాడలో టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని, పెళ్లయ్యాక దుబాయ్ వచ్చినదాన్ని. రెండువేల రెండులో జెబెల్ అలీ ఫ్రీజోన్‌లో గోడౌన్లు కడుతున్న ఒక కంపెనీ సైటు ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఆఫీసు అంటే ఇసకలో దించిన రేకు డబ్బా. అందులో ఒక మూల సేఫ్టీ విభాగం. సేఫ్టీ విభాగం అంటే ఆయనా, నేనూ, అగ్నిమాపక సిలిండరూ.

యాభై అయిదు దాటిన మనిషి. మోకాళ్ల దాకా నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, మధ్యలో ఎర్రగా కమిలిన రెండు మోకాళ్లు. ఎండ దెబ్బ తగలకుండా ముక్కు పొడవునా తెల్లటి మందు పూసుకునేవాడు. మా తెలుగు కూలీలు మొదట అది నామం అనుకున్నారు. "వైష్ణవుడు గావచ్చు, మాంసం ముట్టడేమో" అని ఎల్లయ్య అనుమానపడ్డాడు. మధ్యాహ్నం ఆయన డబ్బాలో మాంసం ముక్కలు చూశాక ఆ అనుమానం తీరింది.

ఎల్లయ్యది జగిత్యాల దగ్గర పల్లె. స్లాబుకి ఇనప ఊచలు కట్టే ముఠాకి పెద్ద. నేను గోదావరి అలవాటు కొద్దీ 'ఎల్లయ్య గారూ' అంటే మొదట్లో సిగ్గుపడి దూరంగా నిలబడేవాడు. "గారు గీరు వద్దమ్మా, మా మేస్త్రి ఇంటె నవ్వుతడు" అనేవాడు. కూలీల్లో సగంమంది తెలుగువాళ్లే కావడంతో వాళ్లకీ మైట్ సాబ్‌కీ మధ్య తర్జుమా పని నా మెడకు చుట్టుకుంది.

ఆయన భాష నాకు మాత్రం అర్థమయ్యేదా? మొదటి వారంలోనే కొంప ముంచాను. ఆయన ఒంటివేలితో టైపు చేసేవాడు కాబట్టి వారం వారం రిపోర్టు నాకు చెప్పి రాయించేవాడు. ఆ వారం తనిఖీలో చాలామంది బూట్లకు లేసులు లేవని చూశాడు. లేసులు లేకపోతే బూటు జారి మెట్ల మీంచి పడతారు కదా. 'బూట్స్, నో లేస్' అని చెప్పాడు. మన లేస్ ఆయన నోట్లో లైస్. ఇంగ్లీషులో లైస్ అంటే పేలు. నేను ఏమాత్రం సందేహించకుండా 'కార్మికుల బూట్లలో పేలు లేవు' అని టైపు చేసి హెడ్డాఫీసుకి ఫ్యాక్సు పంపేశాను. ఈ దేశంలో సేఫ్టీ అంటే ఇంత లోతుగా చూస్తారు కాబోలు అని మనసులో మెచ్చుకున్నాను కూడా.

హెడ్డాఫీసులో కంగారు పుట్టింది. బూట్లలో లేవని పనిగట్టుకుని రాశాడంటే ఇంకెక్కడో ఉన్నాయన్నమాట! శుక్రవారం పొద్దున్నే పురుగుల మందు కొట్టేవాళ్లు రెండు వ్యానుల్లో లేబర్ క్యాంపు మీద పడ్డారు. సెలవురోజు హాయిగా పడుకున్న రెండు వందలమంది పరుపులు నెత్తిన పెట్టుకుని ఎండలోకి వచ్చి నిలబడ్డారు. "ఏమైందమ్మా, కలరా వచ్చిందా?" అని ఎల్లయ్య శనివారం అడిగితే రిపోర్టు నకలు వెతికి తీశాను.

దాన్ని మైట్ సాబ్ ముందు పెట్టి, ఏడుపు ముఖంతో నిలబడ్డాను. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత టోపీ కింద పడేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ బల్ల మీద తల పెట్టేశాడు. పెద్ద ముదీర్ వచ్చి, ఎవరి తప్పు ఇది అని గద్దించినప్పుడు మాత్రం లేచి, "నాదే మైట్. నాలుక నాది, తప్పూ నాదే" అన్నాడు. నేను నోరు తెరవబోతే కళ్లతోనే వద్దన్నాడు.

ఆ మందు దెబ్బకి క్యాంపులో ఏళ్ల తరబడి రక్తం పీలుస్తున్న నల్లులన్నీ చచ్చాయి. మావాళ్లు ఆ రాత్రి నుంచి ఒళ్లెరగకుండా నిద్రపోయారు. లేసులు మాత్రం ఎవరూ పంపలేదు. ఆయనే ఎక్కడి నుంచో ఒక పెట్టెడు తెచ్చి పంచాడు. "నా జీవితంలో రాసిన రిపోర్టుల్లో పనికొచ్చింది ఇదొక్కటే" అని కొత్తవాళ్లెవరు వచ్చినా చెప్పేవాడు.

ఆయన సైన్యంలో పనిచేశాడని ఎలాగో క్యాంపంతా పొక్కింది. వియత్నాంలో యుద్ధం చేశాడట అని ఒకడు, హెలికాప్టరులోంచి దూకాడట అని ఇంకొకడు. నెల తిరిగేసరికి ఆయన వంద మందిని ఒంటిచేత్తో చంపినవాడయ్యాడు. ఒక మధ్యాహ్నం అన్నాల వేళ ఎల్లయ్యే తెగించాడు.

"అమ్మా, సాబును అడుగుండ్రి. లడాయిల ఎంతమందిని సంపిండు?"

అలాంటివి అడగకూడదని చెప్పాను. వినలేదు. చుట్టూ పదిహేనుమంది చేరారు. మైట్ సాబ్ వాళ్ల ముఖాలు చూసి, "ఏమంటున్నారు?" అన్నాడు. తప్పక చెప్పాను.

ఆయన చాలాసేపు ఆలోచించి, ఒక వేలు చూపించాడు. "ఒకటి."

అందరూ ఊపిరి బిగబట్టారు.

"బర్రె" అన్నాడు.

ఆయన కథ ముక్కముక్కలుగా చెబుతుంటే నేను తెలుగు చేశాను. వాళ్ల దేశంలో అప్పట్లో కుర్రాళ్ల పుట్టినరోజులు గోళీల మీద అంకెలుగా వేసి, పీపాలో తిప్పి తీసేవారట. ఎవరి తేదీ వస్తే వాడు సైన్యంలోకి. గోధుమ పొలంలో ట్రాక్టరు నడుపుకుంటున్న ఆయన తేదీ వచ్చింది. ("మా దగ్గర లాటరీ తగిల్తె స్కూటరిస్తరు" అన్నాడు వెనక నుంచి ఒకడు.) ట్రాక్టరు వచ్చు కాబట్టి లారీ ఇచ్చారు. అదీ తుపాకులు మోసే లారీ కాదు, నీళ్ల ట్యాంకరు. ఏడాది పాటు యుద్ధం జరిగే చోటికి తాగేనీళ్లు మోశాడు. తుపాకీ ఇచ్చారు గానీ దాన్ని సీటు వెనక పెట్టి, పైన తువ్వాలు ఆరేసుకునేవాడు. ఒకరోజు మలుపులో అడ్డం వచ్చిన బర్రెను గుద్దాడు. అది పోయింది.

ఎల్లయ్య ముఖం మారిపోయింది. వంద మందిని చంపానని చెప్పినా అంత మారేది కాదు.

"పాలిచ్చేదా?" అన్నాడు.

అడిగాను. "కాదు, నాగలికి కట్టేది" అన్నాడు ఆయన.

"సూడిదా?"

కడుపుతో ఉందా అని అడుగుతున్నాడని ఎంతో మొహమాటపడుతూ చెప్పాను. ఆయన తెలియదన్నాడు.

"తెల్వదా? గుద్దినోనికి తెల్వకుంటె ఎట్ల? మరి ఆ రైతు పంట ఎట్ల తీసిండు గా యేడు?" ఎల్లయ్య గిన్నె కింద పెట్టేశాడు.

అప్పుడు మైట్ సాబ్ మిగతాది చెప్పాడు. బర్రె గల ఆవిడ గంటసేపు నడిరోడ్డు మీద తిట్టిందట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా టోపీ తీసి చేత్తో పట్టుకుని మొత్తం విన్నాడట. తర్వాత కెప్టెన్ దగ్గరికి వెళ్లి, ఇంకో బర్రెను ఇప్పించేదాకా కదలనన్నాడు. వారానికి బర్రె దొరికింది గానీ అది లారీ ఎక్కనంది. నలుగురు నెట్టినా ఎక్కలేదు. అందుకని తాడు పట్టుకుని పదకొండు మైళ్లు నడిపించుకుంటూ వెళ్లాడు. వీపు మీద తుపాకీ, చేతిలో తాడు. కుంట కనపడ్డ చోటల్లా అది దిగి కూర్చునేది. ఆయన గట్టు మీద కాపలా. దారిపొడుగునా జనం నవ్వారు. "నేను యుద్ధంలో చేసిన మార్చ్ అదొక్కటే" అన్నాడు.

"ఆమె ఏమన్నది?" ఎల్లయ్య ఇంకా కరగలేదు.

"బర్రె నోరు తెరిచి పళ్లు చూసింది. బాగా లేవన్నట్టు తల అడ్డంగా ఊపింది. అయినా కట్టేసుకుంది."

"గట్ల సూడాలె పండ్లు!" అన్నాడు ఎల్లయ్య సంతోషంగా. గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన మీద ఎల్లయ్యకి గురి కుదిరింది.

ఏప్రిల్‌లో ఏటా ఒక రోజు ఇంకా వెలుగు రాకముందే ఆయన క్యాంపు గేటు దగ్గర నిలబడేవాడు. వాళ్ల దేశంలో చనిపోయిన సిపాయిలను తలుచుకునే రోజది. చొక్కాకి కుడివైపు తాతగారి పతకాలు, ఎడమవైపు తన రెండు పతకాలు. చిన్న టేప్‌రికార్డరులో బూరా పాట వేసి తల వంచుకునేవాడు. ఏమిటిదని మావాళ్లు అడిగితే నేను ఎలా చెప్పాలో తెలియక, "తద్దినం లాంటిది" అన్నాను. అంతే, మరుసటి ఏడు నలభైమంది స్నానాలు చేసి, తల దువ్వుకుని వచ్చి వరసగా నిలబడ్డారు. తద్దినం అంటే పెట్టుపోతలు ఉంటాయి కదా. ఓట్సూ కొబ్బరీ వేసి తనే కాల్చిన బిస్కెట్లు ఆయన పంచాడు. రాయిలా ఉన్న ఆ బిస్కెట్టు కొరకలేక, "పెద్దలకు పెట్టింది పారెయ్యొద్దు" అని అందరూ చాయ్‌లో నానేసుకుని భక్తిగా తిన్నారు.

రెండువేల నాలుగు జూలైలో అసలు సంగతి జరిగింది. ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాలన్న నియమం అప్పటికింకా రాలేదు. గోడౌను స్లాబుకి కాంక్రీటు పోసే రోజు. నేను ఏదో కాగితం మీద సంతకానికి మైట్ సాబ్ దగ్గరికి వెళ్లాను. పైన స్లాబు అంచున ఎల్లయ్య గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మైట్ సాబ్.

విన్నాను. "లచ్చవ్వా, దొడ్డి తలుపు తియ్యి" అంటున్నాడు. లచ్చవ్వ ఎల్లయ్య భార్య. జగిత్యాల దగ్గర పల్లెలో ఉంది. ఆ మాట చెప్పాను, నవ్వుతూనే.

ఆయన నవ్వలేదు. రెండేసి మెట్లు ఎక్కి పైకి పరుగెత్తాడు. ఎల్లయ్య చెయ్యి పట్టుకు చూశాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు, ఒళ్లు పెనంలా కాలుతోంది. చూస్తుండగానే ఎల్లయ్య కుప్పకూలాడు. ఆ వయసులో ఆయన ఎల్లయ్యని బస్తాలా భుజాన వేసుకుని దిగాడు. సైటు మొత్తం మీద బాగా చల్లగా ఉండేది ఒక్క పెద్ద ముదీర్ గది. సరాసరి అక్కడికి పోయాడు. వెనక నేను, తలుపు తియ్యడానికి.

లోపల మీటింగు జరుగుతోంది. బల్ల నిండా డ్రాయింగులు, ఖర్జూరాలు, ఐసు ముక్కలు తేలుతున్న నీళ్ల జగ్గులు. ముగ్గురు అతిథులు. మైట్ సాబ్ ఎల్లయ్యని తెచ్చి ఆ డ్రాయింగుల మీద పడుకోబెట్టాడు. చొక్కా చింపి, రెండు జగ్గులు ఒంటి మీద గుమ్మరించాడు.

"ఏమిటిది!" అని లేచాడు పెద్ద ముదీర్. బూట్లు తడిసిపోయాయి.

"మనిషి మైట్. కాలిపోతున్నాడు. ఆ మూడో జగ్గు ఇటివ్వు."

పెద్ద ముదీర్ కదల్లేదు. అతిథుల్లో కాళ్ల దాకా దిగే తెల్లటి కందూరా వేసుకున్న ముసలాయన, ఈ దేశస్థుడే, జగ్గు అందించాడు. తర్వాత ఒక డ్రాయింగు తీసుకుని ఎల్లయ్యకి విసరడం మొదలుపెట్టాడు. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ మిగతా ఇద్దరి చేతుల్లోనూ తలొక డ్రాయింగు పెట్టాడు. కోట్లు వేసుకున్న పెద్దమనుషులు మా ఎల్లయ్యకి చెరోపక్కా విసిరారు. అంబులెన్సు వచ్చేసరికి ఎల్లయ్య కళ్లు తెరిచి, ఏసీని చూసి, మళ్లీ మూసుకున్నాడు.

అంబులెన్సు గేటు దాటిందో లేదో, పెద్ద ముదీర్ బయటికి వచ్చి, "కాంక్రీటు గట్టిపడిపోతోంది. ఖలాస్, గొడవ అయిపోయింది, ఇక పని మొదలెట్టండి" అన్నాడు. మూడు మిక్సరు లారీలు వరసలో ఉన్నాయి. మైట్ సాబ్ మా డబ్బాలోకి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. మొదటి లారీ ముందు వేసుకుని కూర్చున్నాడు.

కూలీలు బెదిరిపోయారు. పని ఆపితే సమ్మె అంటారు, సమ్మె అంటే టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు. అది ఆయనకి మాకంటే ముందే తట్టింది. నా చేతికి మైకు ఇచ్చి, "తెలుగులో చెప్పు. వీళ్లు పని ఆపలేదు. వీళ్లు చేస్తామంటున్నారు. నేనే చెయ్యనివ్వడం లేదు. అదే రిపోర్టులో రాయి, టైము వేసి" అన్నాడు.

చెప్పాను. తర్వాత నీడలో చతికిలబడి ఉన్నవాళ్లలోంచి ఒకడు, "పని చేస్తం సాబ్! మమ్ముల చెయ్యనియ్యుండ్రి!" అని అరిచాడు. వెంటనే అందరూ అందుకున్నారు. ఒక్కడూ లేవలేదు. లారీ డ్రైవరు, పెషావరు పఠాను, రెండుసార్లు హారన్ కొట్టి, ఇంజను ఆపేసి, తనూ నీడకి పోయి కూర్చున్నాడు.

నాలుగున్నర దాకా ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు. ముక్కు మీది తెల్ల మందు కరిగి మీసాల్లోకి దిగింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాం. ఎల్లయ్య గండం గడిచిందన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఈయన ఇంత తెగించాడంటే వెనక ఏదో ఉండే ఉంటుందనిపించి అడిగాను. "యుద్ధంలో ఇలాగే ఎవరైనా పోయారా?"

"ఇలా ఎవరూ పోలేదు" అన్నాడు. కాసేపు తన మోకాళ్ల వంక చూసుకున్నాడు. "తూటాలకి పోయారు. మందుపాతరలకి కాళ్లు పోయినవాళ్లున్నారు. వాళ్లకి నేనేం చెయ్యగలను? కానీ నేనున్న ఏడాదిలో నీళ్లు అందక ఎవడూ పడిపోలేదు మైట్. ఒక్కడూ. రోజుకి రెండు ట్రిప్పులు, ఏనాడూ తప్పలేదు."

"బర్రెను గుద్దిన రోజు కూడానా?"

"ఆ రోజు నలభై నిమిషాలు ఆలస్యం" అన్నాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ నలభై నిమిషాలు ఆయనకి గుచ్చుకుంటూనే ఉన్నాయని ముఖం చూస్తే తెలిసింది.

మూడు వారాల తర్వాత, ఈ ప్రాజెక్టుకి ఇక సేఫ్టీ ఆఫీసరు అవసరం లేదని ఉత్తరం తయారైంది. సైటులో టైపిస్టుని నేనొక్కదాన్నే కాబట్టి అది నేనే టైపు చెయ్యాల్సి వచ్చింది. నాలుగు వాక్యాలకి పూట పట్టింది. ఆయన చదువుకుని, "ఒక్క తప్పు లేదు మైట్. బాగా ఎదిగావు" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

వెళ్లేముందు ఒక్కటే కోరాడు. "ఎల్లయ్యకి చెప్పకు. తన మూలాన నా ఉద్యోగం పోయిందనుకుంటే వాడికి తిండి సయించదు. రువైస్‌లో మంచి పని దొరికిందని చెప్పు." రువైస్ ఎడారి చివర రిఫైనరీ ఊరు. అబూ ధాబీ దాటి మూడు గంటలు పోవాలి. నిజంగానే అక్కడ ఏదో చిన్న పని దొరికింది. ఎల్లయ్యకి నేను అలాగే చెప్పాను. "మంచిగయింది" అన్నాడు. అంతకుమించి అడగలేదు. ఆ తర్వాత ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

ఈమెయిల్ వచ్చాక ఎల్లయ్యకి చెప్పాలనిపించింది. రెండువేల ఎనిమిదిలోనే ఊరికి వెళ్లిపోయాడు. నలుగురిని అడిగి నంబరు పట్టుకున్నాను. ఫోను చేసి చెప్పాను. ఇన్నేళ్లు దాచిన మాట ఇప్పుడైనా చెప్పేద్దామని, "ఎల్లయ్య గారూ, ఆయన రువైస్ ఎందుకు వెళ్లాడో అప్పుడు మీకు..." అని మొదలుపెట్టాను.

"నాకెర్కే అమ్మా" అన్నాడు. "మీరు గా ముచ్చట చెప్పేటప్పుడు నా మొకం చూడలే. గప్పుడే సమజయింది. ఒక శుక్రారం రెండు బస్సులు మారి పోయిన రువైసుకు, నాలుగు మామిడిపండ్లు పట్టుకొని. సాబు నన్ను చూసి బిత్తరపోయిండు."

నాకు ఆశ్చర్యం వేసింది. "అక్కడ మీ ఇద్దరికీ తర్జుమా ఎవరు చేశారు?"

"ఎవలు లేరు."

"మరి ఏం మాట్లాడుకున్నారు?"

"ఆయిన ముచ్చట ఆయిన చెప్పిండు. నా ముచ్చట నేను చెప్పిన. ఆయిన నవ్వితె నేను నవ్విన. ఒక్కపాలి కండ్లల్ల నీళ్లు తీసుకున్నడు, ఎందుకో నాకు తెల్వది. నాకు గూడ ఆగలే. పొద్దుగూకంగ బస్సుకాడ దిగవెట్టిండు." మళ్లీ తనే అన్నాడు. "ఏమనుకోకుండ్రి అమ్మా, మీరుంటె గంత మంచిగ మాట్లాడుకోకపోదుము."